పిడికిలి సంచి

ఆ వీధిలో ఎవరికి కొత్త పరుపు కావాలన్నా, పాత పరుపులో గడ్డకట్టిన దూదిని ఏకి మళ్ళీ కుట్టించుకోవాలన్నా ఆరాలక్క కొట్టుకే వెళ్తారు. ఆమెకు అసలు పేరు ఒకటి ఉంది గానీ, ఏ కాగితం మీదో సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడు తప్ప అది ఆమె భర్తకు కూడా గుర్తురాదు. పరుపు మోసుకొచ్చిన మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, కత్తెరతో కుట్లు తెంపుతూ మొదలుపెడుతుంది.

"ఎడమ పక్క ఇంతలా కుంగింది. కుడి పక్క చూస్తే నిన్న కొన్నట్టుంది. ఆయన సోఫాలో పడుకుంటున్నారా?"

వచ్చినవాళ్ళు కొందరు నవ్వేస్తారు, కొందరు దగ్గుతారు. దగ్గినవాళ్ళకు ఇంకో ప్రశ్న పడుతుంది.

"మా వదిన దగ్గరికి పరుపు పంపడమంటే కాపురానికి ఎక్స్‌రే తీయించుకోవడమే" అంటుంది ఆమె ఆడపడుచు. ఆమెదీ అదే ఇల్లు, అదే కొట్టు. పరుపుల పైబట్ట కత్తిరించడం ఆమె పని, వదినను దెప్పడం ఆమె కాలక్షేపం.

ఆరాలక్క చదువు మధ్యలోనే ఆగిపోయింది. వాళ్ళమ్మ మంచాన పడితే ఇంటిపని ఈమె మీద పడింది. బడి మానేసిన రోజున ఆమెకు అన్నిటికన్నా బాధ కలిగించిన విషయం ఒకటుంది. భూగోళం పుస్తకంలో ఒక నది గురించి సగం చదివింది. అది కొండల్లో పుట్టి, రెండు ఊళ్ళు దాటి, మూడో ఊరి దగ్గర మలుపు తిరిగేసరికి పుస్తకం చేతిలోంచి పోయింది. ఆ నది చివరికి ఎక్కడ కలిసిందో తెలియలేదు. పెళ్ళయి పరుపుల కొట్టుకొచ్చాక, ఒకనాడు పరుపు కుట్టించుకోవడానికి వచ్చిన టీచరును కూర్చోబెట్టి మొదట అడిగింది దాని గురించే. సముద్రందాకా వెళ్ళలేదట, దారిలోనే ఇసుకలో ఇంకిపోయిందట. ఆ మాట విని ఆరాలక్క పనంతా ఆపేసి, "ఇంకిపోవడమేమిటండీ, అంత నీళ్ళు!" అని కూర్చుండిపోయింది. ఆ రోజు పరుపు ఆలస్యమైంది.

అలాంటి మనిషి చేతికి ప్రార్థన మందిరంలో సంచి ఎలా వచ్చిందన్నది వీధిలో చాలామందికి ఇప్పటికీ అంతుపట్టదు.

మందిరం వీధి చివర ఉంది. పెద్దదేం కాదు. రెండు వరుసల బెంచీలు, ఎత్తయిన కిటికీలు, పక్కన చెప్పులూ గొడుగులూ పెట్టుకునే చిన్న గది. వారానికోసారి ప్రార్థన ముగిశాక, పొడుగాటి కర్రకు తగిలించిన ఒక సంచి బెంచీల మధ్య తిరుగుతుంది. దళసరి బట్ట, మోచేయి మునిగేంత లోతు. లోపల చిల్లర గలగలమనకుండా ఆరాలక్కే పల్చగా దూది పరిచి కుట్టింది. ఆ సంచికి ఒకే ఒక్క పద్ధతి ఉంది. ప్రతి మనిషీ పిడికిలి మూసి లోపల పెట్టాలి, పిడికిలి మూసే బయటికి తీయాలి. వెయ్యగలిగినవాళ్ళు వేస్తారు. అవసరమున్నవాళ్ళు తీసుకుంటారు. ఏదీ లేనివాళ్ళు ఖాళీ పిడికిలే ముంచి తీస్తారు. పిల్లలకు అదో ఆట. ఎవరు ఏం చేశారో పక్కన కూర్చున్నవాళ్ళకు కూడా తెలియదు. అందుకే దానికి పిడికిలి సంచి అని పేరు.

ఆ సంచిని ఆరాలక్కకు అప్పగించింది మందిరం పెద్దయ్యగారే. అప్పట్లో ఆడపడుచు పడీపడీ నవ్వింది. "అయ్యగారూ, ఇంకెవరూ దొరకలేదా? సాయంత్రానికల్లా వీధంతా తెలిసిపోతుంది!"

"ఏదీ పట్టని మనిషికిస్తే ఏదో ఒకరోజు చూసింది చూసినట్టు నోరుజారి చెప్పేస్తాడు. తను చెప్పిందేమిటో కూడా వాడికి తెలియదు" అన్నారు పెద్దయ్యగారు. "ఈమెకి అన్నీ తెలుస్తాయి. ఏది చెప్పకూడదో కూడా తెలుస్తుంది."

ఆయన అన్నట్టే అయింది. సంచి మోయడం మొదలుపెట్టిన కొద్ది వారాలకే కర్ర ఆమెతో మాట్లాడటం మొదలెట్టింది. లోపల పిడికిలి తెరుచుకుని ఏదైనా పడితే కర్ర కాస్త కిందికి వాలుతుంది. ఖాళీ చెయ్యి ముంచి తీస్తే ఊరికే ఊగి ఆగుతుంది. తీసుకునే చెయ్యి మాత్రం అడుగును తడుముతుంది. ఆ తడుముడు బట్ట మీదుగా, కర్ర వెంట పాకుతూ వచ్చి ఆమె అరచేతికి తాకుతుంది. దూది ఎక్కడ పల్చబడిందో పైనుంచి తడిమి చెప్పగలిగే అరచేయి అది. దానికి తెలియకుండా ఎలా ఉంటుంది?

అలా ఆమెకు చాలా తెలిశాయి. మంచి బట్టలేసుకుని ముందు బెంచీలో కూర్చునే ఒకావిడ ఎప్పుడూ ఏమీ వేయదనీ, ఎప్పుడూ విసుక్కునే చెప్పుల కొట్టు మనిషి గుప్పెడు వేస్తాడనీ తెలిసింది. ఆ వివరాలన్నీ కడుపులోనే పెట్టుకుని ఇంటికొచ్చేది. కడుపు ఉబ్బిపోతున్నట్టుండేది. ఆడపడుచు ఎన్నిసార్లు గుచ్చిగుచ్చి అడిగినా, "సంచికి కళ్ళున్నాయా, నాకుండటానికి?" అని తప్పించుకునేది.

గడియారాల తాతయ్య సంగతీ ఆమెకు అలాగే తెలిసింది. బజారు మలుపులో ఆయనకో చిన్న రిపేరు కొట్టుంది. భార్య పోయింది, పిల్లలు లేరు. ఇస్త్రీ చేసిన చొక్కా, నున్నగా దువ్విన తల, వెనక బెంచీలో చివరి చోటు. ఏళ్ళ తరబడి ఆ చెయ్యి లోపల ఏదో ఒకటి వదిలే వచ్చేది. చూపు మందగించి, చేతికొచ్చిన గడియారాలు ఒక్కొక్కటే వేరే కొట్టుకు పోవడం మొదలయ్యాక ఆ చెయ్యి ఖాళీగా వచ్చి వెళ్ళేది. తరవాత ఒకరోజు, వచ్చిన చెయ్యి కాసేపు ఆగి అడుగును తడిమింది. ఆ రోజు ఆరాలక్క ఇంటికెళ్ళి వంటింటి గడియారాన్ని గోడ మీంచి దించి, "ఇది ఆలస్యంగా నడుస్తోంది" అని భర్తతో అంది.

"సరిగ్గానే ఉందే" అన్నాడాయన.

"నడక బాలేదు" అని ఆమె దాన్ని తాతయ్యకు రిపేరుకు ఇచ్చొచ్చింది. ఏ రోగమూ లేని ఆ గడియారం ఏడాదిలో చాలాసార్లే వైద్యం చేయించుకుంది.

ఇలా ఉండగా పెద్దయ్యగారి మేనల్లుడు ఆడిటర్ చదువు పూర్తిచేసి వచ్చాడు. మంచి కుర్రాడు. ఎవరికైనా లాభం చూపించాలని తహతహలాడే రకం. ఒక వారం ప్రార్థన అయ్యాక లేచి నిలబడి, మందిరాన్ని తను రిజిస్టరు చేయించాననీ, ఇకనుంచి ఇక్కడ దానమిచ్చినవాళ్ళకు పన్ను తగ్గుతుందనీ చెప్పాడు.

"మీరిచ్చిన దాంట్లో కొంత భాగాన్ని మీ ఆదాయం లెక్కలోంచి తీసేస్తారు. దానిమీద పన్ను పడదు. అంతే. కాకపోతే ఇచ్చినట్టు రసీదుండాలి."

బెంచీల్లో కలకలం రేగింది. ఇన్నేళ్ళూ ఊరికే ఇచ్చామా అన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మందుల షాపు బాబాయి అయితే వేళ్ళ మీద లెక్కలు మొదలుపెట్టేశాడు. ఆరాలక్క లేచింది. ఆమె లేవగానే జనం నవ్వారు.

"తమ్ముడూ, ఒక సందేహం. మా ఎదురింటావిడకి నేను పరుపు ఊరికే కుట్టిచ్చాననుకో. అదీ దానమే కదా?"

"దానమే అక్కా. కానీ దానికి పన్ను తగ్గదు."

"ఆవిడ రసీదు రాసిస్తే?"

"ఆవిడ సంస్థ కాదు కదా!"

"అయితే పరుపు మందిరానికిచ్చి, మందిరం ఆవిడకిస్తే?"

"అలా చెయ్యొచ్చు. కానీ ఆవిడకే ఇవ్వాలని మీరు చెప్పకూడదు. ఎవరికివ్వాలో మందిరం అనుకోవాలి."

"పరుపు నాది, ఎదురిల్లు నాది, అనుకోవడం మందిరానిదా!" అని ఆశ్చర్యపోయింది ఆరాలక్క. "సరే, ఇంకొక్కటి. నేనిచ్చిన దాంట్లో కొంత పన్ను తగ్గి నాకే తిరిగొస్తే, ఆ కొంత ఇచ్చింది నేనా, ప్రభుత్వమా?"

ఆడిటరు చేతిలోని కాగితాన్ని తిప్పి చూశాడు. "అది… దాన్ని అలా చూడకూడదక్కా."

"ఎలా చూడాలి?"

"కూర్చో అమ్మా" అన్నారు పెద్దయ్యగారు, నవ్వు ఆపుకుంటూ.

ఆ తరవాతి వారం నుంచి కవర్లు వచ్చాయి. తెల్లటి చిన్న కవర్లు. మీద పేరు, ఎంతో ఒక అంకె. డబ్బు లోపల పెట్టి అతికించి సంచిలో వేస్తే, ఆడిటరు పక్కగదిలో విప్పి రాసుకుంటాడు. మొదట్లో కొందరే తీసుకున్నారు. రానురాను కవరు లేకుండా విడి డబ్బు వేసేవాళ్ళు దాదాపు లేకుండా పోయారు. ఎందుకు వేస్తారు? కవర్లో వేస్తే లాభం, ఊరికే వేస్తే లేదు. ఆరాలక్క కర్రకు కూడా ఆ తేడా తెలిసింది. ఇదివరకు లోపలనుంచి బరువు వచ్చేది. ఇప్పుడు కాగితాల గరగర వస్తోంది. ఖాళీ పిడికిలి ముంచడానికి కొందరు జంకుతున్నారు. పిడికిట్లో కవరు అంచు కనిపించకపోతే పక్కవాళ్ళకు తెలిసిపోతోంది మరి.

రసీదులిచ్చే రోజులు దగ్గరపడుతుండగా ఒక వారం తాతయ్య చెయ్యి సంచిలో చాలాసేపు తడిమింది. చిల్లర లేదు. చివరికి గరగరమని ఒక చిన్న చప్పుడు. మడత నోటు అనుకుని ఉంటాడు. చెయ్యి మూసుకుని బయటికొచ్చింది. అది కవరని ఆరాలక్కకు తెలిసిపోయింది. కానీ ఆమె అడుగు ఆగలేదు, కర్రను పక్క బెంచీకి తిప్పేసింది.

ఏడాది చివర ఆడిటరు అందరికీ రసీదులిచ్చాడు. మందుల షాపు బాబాయి తన రసీదును నిలబడి ఒకటికి రెండుసార్లు చదివాడు. ఒక వారం తను వేసిన కవరు లెక్కలో లేదు.

"నేను వేశాను. మా ఆవిడ ఎదురుగానే అతికించి తెచ్చాను. పెద్ద మొత్తమే అందులో. ఏమైంది?"

పక్కగదిలో పెద్దయ్యగారు, బాబాయి, ఆడిటరు కూర్చుని ఆరాలక్కను పిలిచారు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. టీ కూడా పోశారు.

"నిన్ను అనడంలేదమ్మా" అన్నాడు బాబాయి. "కానీ నేను వేశాక అది నీ చేతిలోనే కదా ఉంది? నీ చేతినుంచి ఆడిటరు చేతికి. మధ్యలో ఇంకెవరున్నారు?"

మధ్యలో వెనక బెంచీ ఉంది. ఆ మాట ఆరాలక్క నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని టీతో పాటు మింగేసింది.

"విషయం తేలేదాకా సంచి వేరేవాళ్ళు పడతారు" అన్నారు పెద్దయ్యగారు, ఆమె మొహం చూడకుండా. "వచ్చే వారం ప్రార్థనకి ముందు అందరిలో మాట్లాడుకుందాం. ఈలోపు నీకేమైనా గుర్తొస్తే చెప్పు."

ఆ మాట ఇంటికి ఆమె కన్నా ముందే చేరింది. ఆడపడుచు కత్తెర పక్కన పడేసి నడుం మీద చేతులు పెట్టుకుంది. "నేను ముందే చెప్పాను ఆ కర్ర పట్టుకోవద్దని! ఇన్నాళ్ళూ ఇల్లిల్లూ ఆరాలు తీశావు, ఇప్పుడు వీధంతా కలిసి నీ ఆరా తీస్తోంది, బావుందా? ఎవరు తీశారో తెలిస్తే చెప్పేసెయ్ వదినా, మనకెందుకీ నింద?"

"నాకేం తెలుసు?" అంది ఆరాలక్క.

మూలన దూది ఏకుతున్న భర్త చెయ్యి ఆపాడు. భార్యను తేరిపార చూసి మెల్లిగా నవ్వాడు. "పెళ్ళయినప్పటినుంచీ నీ నోట 'నాకేం తెలుసు' అన్న మాట వినడం ఇదే మొదలు."

ఆమె కత్తెర తీసి కుట్లు తెంపసాగింది. ఆయన ఇంకేం అడగలేదు. ఆయన అడగకపోవడమే ఆమెకు కాస్త ఊరట.

చెప్తే తన మీద నింద పోతుంది. కానీ తాతయ్య ఇక మందిరం గడప తొక్కడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వీధిలో నడవడు కూడా. చెప్పకపోతే దొంగతనం తన నెత్తిన ఉంటుంది. పరుపు విప్పితే దూది తీసేసుకుంటుందేమో అని జనం అనుమానపడితే కొట్టు మూసుకోవాల్సిందే. ఇవన్నీ ఒక పక్క తొలుస్తుంటే, ఇంకో పక్క, ఆపుకోలేక, అసలు సంగతి తెలుసుకోవాలని ఆమెకు ప్రాణం కొట్టుకుపోతోంది. అది కవరని తాతయ్యకు తెలిసిందా? తెలిసి ఏం చేశాడు?

మర్నాడు వంటింటి గడియారం చంకలో పెట్టుకుని బజారు మలుపుకు వెళ్ళింది.

కొట్టు నిండా ఆగిపోయిన గడియారాలు. బల్ల మీద పళ్ళెంలో చిన్నచిన్న చక్రాలు. పక్కనే కళ్ళలో వేసుకునే మందు సీసా, కొత్తది. దాని మీద బాబాయి షాపు చీటీ ఉంది. ఆరాలక్క సీసాను చూసింది, ఆ పైన తాతయ్యను చూసింది. బాబాయి కవర్లోని డబ్బు బాబాయి గల్లాపెట్టెలోకే పోయిందన్నమాట. అంత దిగుల్లోనూ ఆమెకు నవ్వొచ్చింది.

"మళ్ళీ తెచ్చావా దీన్ని?" అన్నాడు తాతయ్య, గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని. "దీనికేం రోగంలేదమ్మాయ్. దీన్ని మోసుకొచ్చేవాళ్ళకే ఏదో ఉంది."

"నడక బాలేదు తాతయ్యా."

ఆయన గడియారాన్ని బల్ల మీద పెట్టాడు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు.

"మందిరంలో ఏదో కవరు పోయిందటగా? నీమీద అంటున్నారట."

"ఆఁ, అంటున్నారు."

"నువ్వు కాదని నాకు తెలుసు."

"ఎలా తెలుసు?" అనేసింది ఆరాలక్క. అలవాటుగా వచ్చేసిన ప్రశ్న అది. రాగానే నాలుక కరుచుకుంది.

కొట్టంతా టిక్‌టిక్ చప్పుడు. నడిచే గడియారాలు రెండో మూడో ఉన్నాయి, అన్నీ ఒకేసారి వినిపించాయి. తాతయ్య కళ్ళద్దాలు పెట్టుకుని ఆమెవైపు చూశాడు. ఆయనకు ఎంత కనిపిస్తుందో ఆమెకు తెలియదు.

"వచ్చే వారం అందరిముందూ లేచి చెప్తాను" అన్నాడు. "ఇంటికెళ్ళి దీపం కింద చూసేదాకా నాకు…"

"ఏం చెప్తావు నువ్వు?" అని ఆరాలక్క గట్టిగా అడ్డుపడింది. "చూశావా నువ్వు? ఎదురుగా ఉన్న మనిషి ఎవరో గొంతు వింటే తప్ప తెలియదు నీకు. సాక్ష్యం చెప్పాలంటే కళ్ళుండాలి తాతయ్యా. నువ్వు లేచి నుంచుంటే ముసలాయనకి మతి చలించిందని నవ్వుతారు. కూర్చో."

"కూర్చునే ఉన్నాను కదే."

"ఆ రోజూ అలాగే కూర్చో."

తాతయ్య గడియారాన్ని దగ్గరికి లాక్కున్నాడు. తరవాత భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఆమెకు తెలియలేదు, ఈసారి అడగలేదు కూడా. గడియారం అక్కడే వదిలేసి వచ్చేసింది.

ఆ వారం ప్రార్థనకు ఒక్క బెంచీ కూడా ఖాళీగా లేదు. ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చారు. భర్త, ఆడపడుచు చెరోపక్కన కూర్చోగా ఆరాలక్క ముందు వరుసలో కూర్చుంది. తాతయ్య వెనక, తన చోటులో ఉన్నాడు.

"ఏమైనా చెప్తావా అమ్మా?" అన్నారు పెద్దయ్యగారు.

ఆమె లేచింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. "చెప్పడం నాకు చాతకాదు పెద్దయ్యగారూ. అడుగుతాను. అవసరమున్నవాళ్ళు సంచిలోంచి తీసుకోవచ్చన్న పద్ధతిని మనం ఎప్పుడు మానేశాం?"

పెద్దయ్యగారు ఆలోచించారు. "మానేశామని ఎవరూ అనలేదు."

"మరి తీసుకున్నవాళ్ళది దొంగతనం ఎలా అవుతుంది? సంచిలో విడి డబ్బున్నన్నాళ్ళూ డబ్బు తీసుకున్నారు. ఇప్పుడు కవర్లే ఉన్నాయి, కవరు తీసుకున్నారు."

బాబాయి లేచాడు. "అంటే నా కవరు ఎవరో అవసరంలో ఉన్నవాళ్ళు తీసుకున్నారంటావ్. సరే, సంతోషమే. నేను వేసింది అందుకే. రసీదు కోసం కూడా వేశాను, అందులో దాచడానికేముంది? నాకు ఇద్దరు పిల్లల చదువుంది. కానీ ఇదంతా నువ్వు కల్పించి చెప్పడంలేదని ఏంటి నమ్మకం? ఎవరు తీశారో నీకు తెలుసా?"

వెనక బెంచీ కిర్రుమంది. ఎవరో లేవబోతున్న చప్పుడు. ఆరాలక్క వెనక్కి తిరక్కుండానే గొంతు పెంచింది.

"తెలుసు! ఈ వీధిలో నాకు తెలియనిదేముంది? ఎవరింట్లో ఎవరు సోఫాలో పడుకుంటున్నారో కూడా తెలుసు. ముందు అవి చెప్పి, తరవాత ఇది చెప్పనా బాబాయ్?"

బెంచీల్లో నాలుగైదు చోట్ల ఒకేసారి దగ్గులు వినిపించాయి. బాబాయి కూడా దగ్గాడు. ఆయన భార్య పైట నోటికి అడ్డం పెట్టుకుని తల వంచుకుంది. ఎక్కడో ఒకరు కిసుక్కుమన్నారు, ఆ నవ్వు బెంచీ నుంచి బెంచీకి పాకి మందిరమంతా నిండింది. పెద్దయ్యగారు కూడా ఆపుకోలేకపోయారు. వెనక బెంచీ మళ్ళీ కిర్రుమని సర్దుకుంది.

నవ్వులు ఆగాక ఆడిటరు చెయ్యెత్తాడు. ఇంతసేపూ అతను ఏదో ఆలోచిస్తూనే ఉన్నాడు. "తప్పు నాది. కవరు పెట్టమన్నాను గానీ, తీసుకునేవాళ్ళ సంగతి ఆలోచించలేదు. ఇలా చేద్దాం. మొదట సంచి ఒకసారి తిరుగుతుంది, కవర్ల కోసం. నేను విప్పి, రాసుకుని, రసీదుకి లెక్క కట్టేస్తాను. అప్పుడది మందిరం డబ్బు. అందులోంచి బీదసాయానికి తీసిన డబ్బు విడిగా సంచిలో వేసి రెండోసారి తిప్పుదాం. పిడికిలి పద్ధతి దానికి. కాకపోతే సాయం అవసరమున్నవాళ్ళకే చేరిందని ఎవరైనా సంతకం పెట్టాలి."

"ఎవరు తీసుకున్నారో తెలియకుండా నేనెలా పెడతాను?" అన్నారు పెద్దయ్యగారు.

ఆ మాటతో అందరూ ఆరాలక్కవైపు తిరిగారు. ఆడపడుచు మోచేత్తో పొడిచింది. "లే వదినా, నీ ఆరాలకి ఉద్యోగం వచ్చింది."

"పన్నులవాళ్ళు తనిఖీకొచ్చి ఎవరెవరికని అడిగితే?" అంది ఆరాలక్క, ఆడిటరుతో.

"అడగొచ్చు. అప్పుడు వాళ్ళకొక్కళ్ళకే చెవిలో చెప్పాల్సి రావచ్చు. అంతవరకు వస్తే నేను పక్కన ఉంటాను."

ఆమె ఒప్పుకుంది. బాబాయి ఆ ఒక్క కవరుకూ పన్ను తగ్గింపు రాదని తెలిసి ఇంకాసేపు గొణిగాడు. కానీ కర్ర తెచ్చి ఆమె చేతికిచ్చింది ఆయనే. ఎవరూ ఇమ్మనలేదు.

మొదటి తిరుగుడు మామూలుగానే అయిపోయింది. పక్కగదిలో కవర్లు విప్పారు. విడి డబ్బు సంచిలోకి చేరింది. రెండోసారి బయల్దేరాకే అసలు చిక్కు తెలిసింది. వేసేవాళ్ళు వేసేశారు. ఇక సంచిలో చెయ్యి పెడితే తీసుకోవడానికే అన్నట్టుంది. ముందు బెంచీలో ఆవిడ చేతులు ఒళ్ళో ముడుచుకుని కిటికీవైపు చూసింది. పక్కావిడా అంతే. ఒక్క చెయ్యీ లేవకుండా మొదటి బెంచీ అయిపోయింది. రెండో బెంచీ చివర బాబాయి కూర్చున్నాడు. ఇలాగే సాగితే వెనక బెంచీలో ఉన్న చెయ్యి ఎలా లేస్తుంది? ఇంత గొడవా పడింది దేనికి?

ఆరాలక్క సంచిని బాబాయి ముందు ఆపింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె కదల్లేదు.

"చెయ్యి, బాబాయ్" అంది మెల్లిగా.

"నాకెందుకమ్మా?"

"మీకెందుకో నాకూ తెలియదు. ఊరికే పెట్టండి."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మందిరమంతా ఆయనవైపే చూస్తోంది. చివరికి చొక్కా చెయ్యి పైకి మడిచి, పిడికిలి మూసి, లోపల పెట్టాడు. అక్కడ ఆ చెయ్యి ఆగింది. కర్ర ఒకసారి పైకి లేచినట్టయింది, తరవాత కిందికి వాలినట్టయింది, ఆ తరవాత ఏమైందో ఆరాలక్క అరచేతికి అందలేదు. పిడికిలి బయటికొచ్చింది. మూసే ఉంది. ఆయన దాన్ని జేబులో పెట్టుకుని ఎదురుగా గోడవైపు చూస్తూ కూర్చున్నాడు.

ఆయన పక్కన ఉన్న పిల్లాడు గబగబా చెయ్యి ముంచాడు. తరవాత చెప్పుల కొట్టు మనిషి. మొదటి బెంచీ ఆవిడ వెనక్కి తిరిగి, "నా దగ్గర ఆగలేదేం?" అంది. ఆరాలక్క వెనక్కొచ్చి ఆమెకూ పట్టింది. ఇక చేతులు వరసగా లేచాయి. వెనక బెంచీకి చేరేసరికి ఎవరూ సంచివైపు చూడటంలేదు, పక్కవాళ్ళతో మాటల్లో పడ్డారు. ఇస్త్రీ చొక్కా చెయ్యి లోపలికెళ్ళింది, అడుగును తడిమింది, మూసుకుని వచ్చింది. తాతయ్య ఆమెవైపు చూడలేదు. ఆమే చూడలేదో మరి.

జనం వెళ్ళిపోయాక సంచిని గూట్లో పెట్టడానికి పక్కగదికి తెచ్చింది. ఆడిటరు బల్ల దగ్గర నిలబడి ఆమె చేతిలోని సంచినే చూస్తున్నాడు.

"అక్కా, ఎంత మిగిలిందో ఒక్కసారి చూద్దామా? రాసుకోను. ఊరికే, తెలుసుకుందామని."

"తెలుసుకుని?"

అసలు అలాంటి ప్రశ్న ఆమె అంతకుముందు ఎవరినీ అడిగి ఎరగదు. సంచి మూతి మీద ఆమె వేళ్ళు ఆడుతున్నాయి.

"నాకూ చూడాలనే ఉంది తమ్ముడూ. నీకన్నా ఎక్కువే ఉంది" అని ఆరాలక్క తాడు బిగించి ముడేసింది. "ఇందాక బాబాయి చెయ్యి…"

"ఆఁ? బాబాయి చెయ్యి?"

"ఏం లేదు. ఆ సంతకం ఎక్కడ పెట్టాలో చూపించు, మావాళ్ళు బయట ఎదురుచూస్తున్నారు."